రీల్స్ ఆపి నెట్‌లో కాసేపు తిరగడం ఎలా: గోదావరి జిల్లాల నుంచి మొదలుపెట్టే పద్ధతి

రాత్రి పదకొండింటికి చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని ఏరేటర్ల చప్పుడు వింటూ ఫోన్ పట్టుకున్నవాళ్ళు, మధ్యాహ్నం షాపులో బేరం లేక ఖాళీగా ఉన్నవాళ్ళు, డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు, ఇలా అందరి చేతిలోనూ నెట్ ఉంది. అందరూ తిరిగేది మాత్రం ఆ నాలుగు యాప్‌ల్లోనే. బోర్ కొడుతోంది, మంచి సైట్లుంటే చెప్పండి అని అడిగితే ఎవరో ఒకరు యాభై పేర్ల లిస్టు పంపుతారు. మూడు తెరుస్తారు, ఒకటి పనిచేయదు, ఇంకోటి ఏంటో అర్థం కాదు, మూడోది బాగానే ఉంటుంది కానీ మనకెందుకులే అనిపిస్తుంది, ఇక మళ్ళీ రీల్స్.

లిస్టులతో వచ్చిన చిక్కేంటంటే అవి వేరేవాళ్ళ సరదాలు. మీకు ముందే ఒక ప్రశ్న ఉంటే దాని జవాబు ఉన్న సైటు ఎంత ముతకగా ఉన్నా గంటసేపు చూస్తారు. ప్రశ్న లేకపోతే ఎంత గొప్ప సైటయినా రెండు నిమిషాలే. అందుకని ఇక్కడ వెతికే పద్ధతి చెబుతాను. సైట్ల పేర్లు కూడా చాలానే వస్తాయి, అవి దారిలో తగిలేవి. అన్నీ ఒకేసారి తెరిచేయకండి.

ముందు ఫోన్‌లో రెండు మూడు సర్దుబాట్లు

యాప్‌లు వదిలి బ్రౌజర్ తెరవండి, ఇది మొదటి పని. క్రోమ్ అయినా ఫర్వాలేదు. ప్రకటనలు విసిగిస్తుంటే ఫైర్‌ఫాక్స్ వేసుకోండి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా దానికి యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ తగిలించుకోవచ్చు, డేటా కూడా కొంత మిగులుతుంది. మ్యాపులు, మ్యూజియంల సైట్లు కొన్ని ఫోన్‌లో ఇరుకుగా కనిపిస్తాయి. అప్పుడు మూడు చుక్కల మెనూలో డెస్క్‌టాప్ సైట్ అని ఉంటుంది, దాన్ని టిక్ చేసి ఫోన్ అడ్డంగా తిప్పండి.

ఇంగ్లీషు అంటే బెరుకున్నవాళ్ళకు ఒక మాట. క్రోమ్ పేజీ మొత్తాన్ని తెలుగులోకి మార్చి చూపిస్తుంది. ఆ తెలుగు నవ్వొచ్చేలా ఉంటుంది, నిజమే, కానీ విషయం అర్థమవుతుంది. ఫ్రెంచి, డచ్చి పేజీలకు నాకూ అదే గతి. టైపింగ్ కష్టమైతే కీబోర్డు మీద మైక్ నొక్కి తెలుగులోనే మాట్లాడండి.

అసలు పని: కళ్ళ ముందున్న దాన్ని పట్టుకోండి

ఏం వెతకాలో తోచకపోతే తల పైకెత్తి చుట్టూ చూడండి. మన డెల్టాలో ఉన్నవాళ్ళకు ప్రశ్నలకు కరువేంటండీ! నీళ్ళు, గాలి, ఓడలు, చేపలు, పిట్టలు, అన్నిటికీ ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని సైటు కట్టి పెట్టారు.

వరదతో మొదలుపెడదాం. జూలై, ఆగస్టు వచ్చిందంటే లంకల్లో అందరి నోటా ఒకే ప్రశ్న, భద్రాచలంలో ఎంత ఉంది? అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మన ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ఇవి టీవీలో స్క్రోలింగ్‌లో చూస్తాం. కేంద్ర జల సంఘం వరద అంచనా సైటు తెరిస్తే స్టేషన్ల వారీగా నీటిమట్టం గ్రాఫు కనిపిస్తుంది. గీత ఎక్కుతోందా, ఆగిందా, దిగుతోందా అన్నది మీరే చూసుకోవచ్చు. పైన పేరూరులో ఏమవుతోంది, తర్వాత భద్రాచలంలో ఏమవుతోంది, అది ధవళేశ్వరానికి ఎప్పుడు చేరుతోంది, ఇలా ఒక్క వరదను పైనుంచి కిందికి గ్రాఫుల్లో వెంబడించి చూడండి, క్రికెట్ స్కోరు చూసినంత ఉత్కంఠ. పాత రికార్డులూ పక్కన పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది: 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3.

తర్వాత గాలి. విండీ అనే సైటుంది, ఎర్త్ నల్‌స్కూల్ అని ఇంకోటుంది. రెండింటిలోనూ గాలి మ్యాపు మీద గీతలు గీతలుగా పారుతూ కనిపిస్తుంది, బంగాళాఖాతంలో వాయుగుండం కట్టినప్పుడు సుడి తిరగడం కళ్ళారా చూడొచ్చు. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని చూడండి, కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో చెబుతుంటే ఆ మ్యాపు మీద రంగులకు అర్థం తెలుస్తుంది. విండీలో ఒక చిన్న కిటుకు ఉంది, చాలామంది చూడరు. కింద యూరప్ వాళ్ళ లెక్క, అమెరికా వాళ్ళ లెక్క అని మోడళ్ళు మార్చుకునే వీలుంటుంది. ఐదు రోజుల తర్వాత తుపాను ఎక్కడుంటుందో ఒకటి మచిలీపట్నం అంటుంది, ఇంకోటి ఒడిశా అంటుంది. ఆ తేడా చూశాక, వాట్సాప్‌లో ముందే తీరం దాటించేసే వాళ్ళ మాట ఎంత నమ్మాలో మీకే తెలిసిపోతుంది. సరదాకు ఇవి చూడండి, చేపల వేటకెళ్ళాలా వద్దా అన్నదానికి మాత్రం వాతావరణ శాఖ బులెటిన్ ఒక్కటే.

కాకినాడ బీచ్‌కి వెళ్ళినప్పుడు దూరంగా నిలబడిన ఓడలు చూసే ఉంటారు. అక్కడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు లోతు నీళ్ళలోనే ఆగుతాయి, బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళతాయి. మెరైన్ ట్రాఫిక్ అనే సైటులో కాకినాడ దగ్గరికి జూమ్ చేసి ఏదో ఒక ఓడ గుర్తు మీద నొక్కండి. పేరు, ఏ దేశం జెండా, ఎంత పొడవు, చాలాసార్లు ఎక్కడికి వెళుతోందన్నదీ వస్తుంది. కొన్ని వివరాలు డబ్బు కడితేనే ఇస్తారు, ఉచితంగా ఇచ్చింది చాలు. మన బియ్యం ఎక్కువగా వెళ్ళేది ఆఫ్రికా దేశాలకు కాబట్టి, ఆ ఓడ పేరు రాసిపెట్టుకుని వారం తర్వాత మళ్ళీ వెతికితే ఎక్కడిదాకా వెళ్ళిందో ఊహించుకోవచ్చు. నడి సముద్రంలో కొన్ని రోజులు కనిపించకుండా పోతుంది, కంగారు పడకండి, తీరంలో రిసీవర్లకు అందేంత దూరంలో ఉంటేనే ఉచిత మ్యాపులో చూపిస్తారు.

ఆకాశానికి ఫ్లైట్‌రాడార్24 ఉంది. స్వీడన్‌లో ఇద్దరు విమానాల పిచ్చోళ్ళు సరదాగా మొదలుపెట్టింది ఇంత పెద్దదైంది. విమానం తానెక్కడుందో తనే రేడియోలో చెబుతూ పోతుంది, ఇళ్ళ మీద చిన్న రిసీవర్లు పెట్టుకున్న ఔత్సాహికులు దాన్ని పట్టి సైటుకు పంపుతారు, అంతే కథ. రాత్రి డాబా మీద పడుకుని పైన మిణుకు మిణుకుమంటూ పోతున్నది మధురపూడిలో దిగేదా, లేక మన మీదుగా ఏ సింగపూర్‌కో పోతున్నదా అని పిల్లలతో పందెం వేయండి. చుక్కలకైతే స్టెల్లేరియం వెబ్ అనే ఆకాశ పటం సైటు.

నేల మీదికొద్దాం, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సేపు కూర్చోబెట్టేది ఇదే. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఉపగ్రహాలు తీసిన ఫొటోలు ఏడాది తర్వాత ఏడాదిగా కదులుతాయి. ముందు మీ ఊరు చూడకండి, ఊరు చిన్నది, తేడా తెలియదు. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కలకు వెళ్ళండి. పచ్చగా ఉన్న పొలాలు ఒక్కొక్కటే నల్లటి, నీలపు ముక్కలుగా మారిపోతుంటాయి, అవన్నీ చేపల, రొయ్యల చెరువులు. తర్వాత కొల్లేరు దగ్గర ఆగండి. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువు గట్లు కొట్టేశారు కదా, ఆ ఏళ్ళ దగ్గర ఒక్కో బొమ్మా ఆపి ఆపి చూడండి. అక్కడినుంచి ఉప్పాడ తీరానికి, తర్వాత కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్‌కి, చివర్న అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే చోటికి. ఇసుక ఒకచోట కోసుకుపోయి ఇంకోచోట పేరుకోవడం కనిపిస్తుంది. మీ తాతగారు "ఒకప్పుడు సముద్రం అక్కడుండేది" అంటే మనం వినీ వినట్టు వదిలేశాం చూడండి, ఆ మాటకు లెక్క ఇక్కడ దొరుకుతుంది.

పాత పేర్లు తెలిస్తే సగం పని అయినట్టే

వెతకడంలో అసలు మజా ఇక్కడుంది. కాకినాడ అని కొడితే హోటళ్ళు, కాలేజీలు, రియల్ ఎస్టేట్ వస్తాయి. అదే తెల్లవాళ్ళు రాసిన పాత పేరు కొట్టండి. సి, ఓ, సి, ఏ, ఎన్, ఏ, డి, ఏ. సెర్చ్ రిజల్ట్స్ ఒక్కసారిగా వందేళ్ళు వెనక్కి వెళతాయి: పాత పటాలు, ఓడల జాబితాలు, మిషనరీల ఉత్తరాలు. (కాకినాడ టౌన్ స్టేషన్ రైల్వే కోడ్ సిసిటి ఎందుకయిందని ఎప్పుడైనా అనుకున్నారా? ఆ పాత పేరు ఇంకా టిక్కెట్ల మీద బతికే ఉంది.)

ఇలాగే యానాం. అది 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, వాళ్ళ కాగితాల్లో దాని పేరు వై, ఏ, ఎన్, ఏ, ఓ, ఎన్ అని రాస్తారు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ డిజిటల్ లైబ్రరీ గాలికా అని ఉంది, అందరికీ ఉచితం. అందులో ఆ ఆరు అక్షరాలు కొట్టి చూడండి. పారిస్‌లో దాచిన కాగితాల్లో మన గౌతమి ఒడ్డున ఉన్న ఊరు పేరు కనిపిస్తే అదో రకం సరదా. పాలకొల్లు, ద్రాక్షారామం వైపు వాళ్ళకు డచ్చివాళ్ళు. పాలకొల్లులో 17వ శతాబ్దంలోనే వాళ్ళకు వర్తక స్థావరం ఉండేది, దాన్ని పాలికోల్ అని రాసేవాళ్ళు, పి, ఏ, ఎల్, ఐ, సి, ఓ, ఎల్. డచ్చి కంపెనీ అడుగుపెట్టిన ఊళ్ళ పాత పటాలు, బొమ్మలు ఒకచోట పెట్టిన అట్లాస్ ఆఫ్ మ్యూచువల్ హెరిటేజ్ అనే సైటుంది, అక్కడ కోరమాండల్ తీరం అంతా ఒకసారి తిరిగి రండి.

నర్సాపురం వాళ్ళకైతే ఇంకా మంచి దారం దొరుకుతుంది. పక్కనే ఉన్న మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట్లో మడపోలం అయింది, అక్కడ తయారైన నూలు బట్టకూ అదే పేరు పడింది, యూరప్ బట్టల దుకాణాల దాకా వెళ్ళింది. ఆ పేరు పట్టుకుని లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైటులో వెతకండి, అక్కడినుంచి కోరమాండల్ చింట్జ్ అని కొట్టండి, మన తీరంలో రంగులద్దిన బట్టలు దగ్గరగా జూమ్ చేసి చూసుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ బొమ్మలు చాలావాటిని పెద్ద సైజులో ఉచితంగానే దింపుకోనిస్తాయి. ఇంట్లో లేసు అల్లే వాళ్ళుంటే యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ చూపించండి. వందేళ్ళ కిందటి క్రోషియా డిజైన్ల పుస్తకాలు వాలంటీర్లు స్కాన్ చేసి పెట్టారు, పిడిఎఫ్‌లు ఊరికే వస్తాయి. వాట్సాప్ గ్రూపులో తిరిగే అవే నాలుగు డిజైన్లు చూసి విసిగినవాళ్ళకు ఇది నిధి.

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్ సంగతి చెప్పాలి. ఆర్కైవ్ డాట్ ఓఆర్‌జి. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టారు, మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు కుప్పలు తెప్పలుగా అందులోకి చేరాయి. ఇబ్బంది ఒకటే, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. దీర్ఘాలు ఉంటాయి, ఉండవు, ఒక పుస్తకం పేరు మూడు రకాలుగా ఉంటుంది. కాబట్టి ఒకసారి కొట్టి రాలేదని వదిలేయకండి, స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టండి, రచయిత పేరుతో కొట్టండి, ఎడమ పక్కన భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. మన జిల్లా గురించి మొదలుపెట్టడానికి 1907లో హెమింగ్‌వే అనే అధికారి రాసిన గోదావరి జిల్లా గెజిటీరు, అంటే జిల్లా విశేషాలు చెప్పే సర్కారు పుస్తకం, మంచిది. మీ తాలూకా పేరు వెతికి ఆ నాలుగు పేజీలే చదవండి, మొత్తం చదవమని ఎవరూ అనట్లేదు. తెల్లదొర చూపుతో రాసిందని గుర్తుపెట్టుకుని చదవండి, కులాల గురించి రాసిన చోట మరీను.

ఒక సైటు నుంచి పది సైట్లకు

మంచి పేజీ ఒకటి దొరికిందా, చదివి మూసేయకండి. కిందికి పొండి. వికీపీడియా వ్యాసమైతే అట్టడుగున మూలాలు, బయటి లింకులు అని ఉంటాయి, జనం చూడకుండా వెళ్ళిపోయేది అక్కడే, అసలు సరుకూ అక్కడే ఉంటుంది. పులస గురించి చదువుతూ కిందికెళితే ఫిష్‌బేస్ అనే సైటుకు దారి దొరుకుతుంది, ముప్ఫై వేలకు పైగా చేపల జాతుల వివరాలున్నాయక్కడ. ఒక చేప పేజీ తెరిచి ఏ దేశంలో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో చూస్తూ కూర్చుంటే టైమ్ తెలియదు. బెంగాలీ వాళ్ళు ఇలిష్ అని ప్రాణం పెట్టేది మన పులసనే అని మన వాళ్ళకు తెలుసు కానీ, అది ఇంకా ఏయే నదుల్లో ఎక్కుతుందో అక్కడ చూడండి.

వ్యక్తులు సొంతంగా నడిపే సైట్లలో అయితే నాకు నచ్చినవి, లింకులు, స్నేహితులు ఇలాంటి పేర్లతో ఒక పేజీ ఉంటుంది. ఒక పిట్టల పిచ్చోడు పెట్టిన లింకుల పేజీలో పది మంది పిట్టల పిచ్చోళ్ళు దొరుకుతారు. ఏ సెర్చ్ ఇంజినూ ఇంత బాగా ఏరి ఇవ్వదు.

ఇంకో చిట్కా. సైటులో వాళ్ళ సొంత సెర్చ్ బాగాలేకపోతే గూగుల్‌నే అడగండి: సైట్ అనే ఇంగ్లీషు మాట, దాని వెనకే కోలన్, ఖాళీ వదలకుండా సైటు అడ్రసు, తర్వాత మీ మాట. ఆ ఒక్క సైటులోనే వెతికి పెడుతుంది. రెండు మాటలు కలిసే రావాలంటే కొటేషన్లలో పెట్టండి. అక్కర్లేని మాట ముందు మైనస్ పెట్టండి, రాజమండ్రి అని కొట్టి మైనస్ హోటల్ అంటే సగం చెత్త పోతుంది.

పిట్టలన్నాను కాబట్టి అదీ ముగించేస్తా. కోరింగ మడ అడవులకో, కొల్లేరులో ఆటపాక గూడబాతుల దగ్గరికో వెళ్ళేముందు ఈబర్డ్ చూడండి, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2002లో మొదలుపెట్టారు, ఏ చోట ఎవరు ఏ పిట్టను ఏ తేదీన చూశారో ఉంటుంది. పొద్దున్నే కొబ్బరితోటలో అరిచేది ఏ పిట్టో తెలియకపోతే జీనో కాంటోలో కూతలు వినండి, ప్రపంచమంతటా మనుషులు రికార్డు చేసి పెట్టారు. ఫోన్ సౌండు మరీ పెంచి తోటలో మాత్రం వినిపించకండి, పాపం నిజం పిట్టలు గందరగోళపడతాయి.

ప్రశ్న లేనప్పుడు

ఏమీ ఆలోచించే ఓపిక లేని రోజులుంటాయి, వాటికీ మార్గముంది. ఒకప్పుడు స్టంబుల్ అపాన్ అని ఉండేది, బటన్ నొక్కితే ఏదో ఒక కొత్త సైటు ముందు పడేది, 2018లో మూసేశారు. ఇప్పుడు ఆ పని చేసేవాటిలో క్లౌడ్‌హైకర్ ఉంది, ఇంకా పిచ్చి సరదా కావాలంటే ది యూస్‌లెస్ వెబ్ ఉంది, పేరుకు తగ్గట్టే పనికిరాని సైట్లే చూపిస్తుంది.

నేను మాత్రం వైబీ అనే చిన్న సెర్చ్ ఇంజిన్‌ను సిఫార్సు చేస్తాను. పాతకాలపు పద్ధతిలో మనుషులు చేత్తో కట్టుకున్న తేలికపాటి పేజీలే అందులో ఉంటాయి, సర్‌ప్రైజ్ మీ అనే లింకు నొక్కితే వాటిలో ఒకటి తెరుచుకుంటుంది. ఒకసారి ఎవరో పాత రేడియోలు బాగుచేసుకునే ముసలాయన పేజీ రావచ్చు, ఇంకోసారి సైకిళ్ళ బెల్లులు సేకరించేవాడిది. సిగ్నల్ ఒక గీతే ఉన్న లంక ఊరిలో కూడా ఇవి గబుక్కున తెరుచుకుంటాయి, బరువుండవు. దీనికి అన్నలాంటిది మార్జినాలియా, స్వీడన్‌లో ఒకే మనిషి మొదలుపెట్టిన సెర్చ్ ఇంజిన్, వ్యాపార పేజీలను వెనక్కి నెట్టి చదవడానికి ఏదైనా ఉన్న పేజీలను ముందుకు తెస్తుంది. ఇక్కడ కొత్త ఫోన్ల రివ్యూలు వెతికితే ఏమీ దొరకదు. లాంతర్లు, తాళాలు, పడవలు, పాత లిపులు, ఇలాంటివి ఇంగ్లీషులో వెతకండి.

ఆడుకోవడానికి నీల్ డాట్ ఫన్. అందులో డీప్ సీ అనే పేజీ తెరిచి వేలితో కిందికి జరుపుతూ పొండి, ఎంత లోతుకు ఏ జీవి ఉంటుందో వస్తూనే ఉంటుంది, అడుగు తగిలేసరికి వేలు నొప్పి పుడుతుంది, అప్పుడు సముద్రం అంటే ఏంటో కొంచెం తెలుస్తుంది. ఇన్ఫినిట్ క్రాఫ్ట్ కూడా అక్కడే, నీరు, నిప్పు, గాలి, మట్టి నాలుగూ కలుపుతూ కొత్త వస్తువులు పుట్టించాలి. పిల్లలకు ఇస్తే ఫోన్ తిరిగి రాదు, ముందే చెబుతున్నా. చదరంగమైతే లీచెస్, ప్రకటనల్లేవు, రుసుమూ లేదు.

వినడానికి రేడియో గార్డెన్. భూగోళం మీద ఆకుపచ్చ చుక్కలుంటాయి, ఒక్కో చుక్క ఒక్కో ఊరి రేడియో, గోళాన్ని తిప్పి చుక్క మీద ఆపితే ఆ నిమిషంలో అక్కడ ఏం వస్తోందో వినిపిస్తుంది. రాత్రి కాపలా ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి తోడు లేదు. మనకు అర్ధరాత్రయితే బ్రెజిల్‌లో మధ్యాహ్నం, అక్కడ హుషారుగా మాట్లాడుకుంటూ ఉంటారు, ఒక్క ముక్క అర్థం కాదు, నిద్ర మాత్రం రాదు.

చూడటానికి రెండు. విండో స్వాప్ అని ఉంది, ఎవరెవరో తమ ఇంటి కిటికీలోంచి కనిపించేది తీసి పంపుతారు, బటన్ నొక్కిన కొద్దీ కొత్త కిటికీ. 2020 లాక్‌డౌన్‌లో పుట్టింది. రెండోది ఎక్స్‌ప్లోర్ డాట్ ఓఆర్‌జి, అలాస్కాలో బ్రూక్స్ జలపాతం దగ్గర ఎలుగుబంట్ల లైవ్ కెమెరా. జూలైలో సాల్మన్ చేపలు సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతాయి, సరిగ్గా మన పులస గోదావరి ఎర్రనీటికి ఎదురెక్కే రోజుల్లోనే. అక్కడ ఎలుగుబంట్లు జలపాతం మీద నిలబడి, ఎగిరిన చేపను గాల్లోనే నోటితో పట్టేస్తాయి. యానాం మార్కెట్లో పులస కోసం మనవాళ్ళు వేలు పోస్తుంటే ఆ ఎలుగుబంట్లు పైసా ఖర్చు లేకుండా పొట్ట పగిలేలా తింటుంటాయి. మన రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ పొద్దున ఎనిమిది, కాబట్టి భోజనం చేసి పెట్టుకుంటే సరిపోతుంది. శీతాకాలం ముందు ఏ ఎలుగు బాగా బలిసిందో జనం ఓట్లేసే పోటీ కూడా జరుగుతుంది, మన ఎన్నికలకన్నా ప్రశాంతంగా ఉంటుంది.

తెలుగులో

తెలుగులో ఏముంది అని పెదవి విరిచేవాళ్ళు ఆంధ్రభారతి చూడలేదని అర్థం. ఎన్నో నిఘంటువులను ఒకేసారి వెతికే వీలుంది. పొలంలో, పడవ మీద, వంటింట్లో పెద్దవాళ్ళు వాడే మాట ఒకటి కొట్టి ఏ నిఘంటువు ఏమంటుందో చూడండి, ఒక మాట ఇంకో మాటకు తీసుకెళుతుంది. ఈమాట 1998 నుంచి వస్తున్న వెబ్ పత్రిక, పాత సంచికల్లోకి వెళితే కథలూ వ్యాసాలే కాక పాత రేడియో ఆడియోలు కూడా తగులుతాయి. తెలుగు వికీపీడియాలో యాదృచ్ఛిక పేజీ అనే లింకు ఉంది, ఎడమ మెనూలో. నొక్కుతూ పోతే చాలాసార్లు ఏదో ఒక గ్రామం పేజీ వస్తుంది, జనాభా లెక్కలూ దూరాలూ తప్ప ఏమీ ఉండదు, అది నిజమే. మీ ఊరి పేజీ కూడా అలాగే ఉంటే దిద్దండి, ఎవరైనా దిద్దవచ్చు. రేవు ఫొటో ఒకటి తీసి ఎక్కించినా అంతకుముందు లేనిది వచ్చినట్టే. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాలు టైపు చేసి పెడుతున్నారు, ఫోన్‌లో చదవడానికి స్కాన్లకన్నా హాయి.

జాగ్రత్తలు, క్లుప్తంగా

తెలియని సైటు తెరవగానే నోటిఫికేషన్లు పంపమంటారా అని అడుగుతుంది, ఎప్పుడూ వద్దనండి. తర్వాత వచ్చే చెత్తంతా ఆ ఒక్క నొక్కుడు వల్లే. సినిమాలూ పుస్తకాలూ ఊరికే ఇస్తామనే పేజీలో డౌన్‌లోడ్ అని నాలుగు బటన్లుంటే వాటిలో మూడు ప్రకటనలు, నాలుగోది ఇంకా ప్రమాదం. మంచి సైటు చూడటానికి ఫోన్ నంబర్ అడగదు, ఓటీపీ అసలే అడగదు, ఫలానా యాప్ ఫైలు వేసుకోమనదు. అడ్రసు పక్కన తాళం గుర్తుంది కదా అని భరోసా పడకండి, ఆ తాళం మీకూ సైటుకూ మధ్య దారి భద్రమని చెబుతుంది, అవతల కూర్చున్నవాడు మంచోడని కాదు. పందెంకోళ్ళ సీజన్లో పుట్టుకొచ్చే బెట్టింగ్ లింకులు ఎవరు పంపినా తెరవకండి, బావమరిది పంపినా సరే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దొరికినవి పోగొట్టుకోకుండా

బుక్‌మార్కులు పెట్టుకోండి, కానీ అన్నీ ఒకే కుప్పలో వేస్తే మళ్ళీ తెరవరు. ఎప్పుడు చూస్తారన్న దాన్ని బట్టి ఫోల్డర్లు పెట్టండి: రాత్రి కాపలాకి, వరద రోజులకి, పిల్లలతో, చదవడానికి. సబ్జెక్టు పేర్లతో పెట్టే ఫోల్డర్లకన్నా ఇవి ఎక్కువ పనికొస్తాయి. నచ్చిన పేజీ చిన్న వ్యక్తిగత సైటుదైతే అది ఎప్పుడు మాయమవుతుందో తెలియదు, నడిపేవాడు అద్దె కట్టడం మానేస్తే అంతే. ఆర్కైవ్ వాళ్ళదే వేబ్యాక్ మెషిన్ అని ఉంది, అందులో సేవ్ పేజ్ నౌ దగ్గర ఆ అడ్రసు అతికిస్తే ఒక నకలు అక్కడ ఉండిపోతుంది. చచ్చిపోయిన లింకు తగిలినప్పుడూ అక్కడే వెతకండి. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట కనిపించే కూడలి లాంటి సైట్లు నడిచిన రోజుల్లో మనవాళ్ళు ఏం రాసుకున్నారో, ఎవరితో ఎవరు పోట్లాడుకున్నారో చూడాలన్నా దారి అదే, క్యాలెండర్‌లో నీలం చుక్క ఉన్న తేదీ నొక్కండి, పాత లింకులు సగం పనిచేయవు, మిగతా సగం చాలు.

ఎవరికైనా పంపేటప్పుడు ఉత్త లింకు పంపకండి, అందులో ఏం చూడాలో ఒక ముక్క రాయండి. "టైమ్‌లాప్స్‌లో మీ అత్తారి ఊరు చెరువులు ఏ సంవత్సరంలో మొదలయ్యాయో చూడు" అని రాస్తే తెరుస్తారు.